కూతలేని ఇల్లు

మా తాతను పట్టించినవాడు మాకు తెలిసినవాడే. ఇందులో అనుమానం లేదు. ఎవడన్నదే ఇన్నేళ్ళూ తేలలేదు.

మనిషి దాక్కున్న చోటు పోలీసులకు కలలో కనిపించదు. ఎవడో చెప్పాలి. చెప్పినవాడు మా ఇంట్లో మంచినీళ్ళు తాగి, మా నాయనమ్మను పలకరించి వెళ్ళినవాడై ఉండాలి. ఈ మాట మొదట నాయనమ్మ అంది. తర్వాత మా నాన్న అన్నాడు. వాళ్ళిద్దరూ పోయాక నేను అంటూ వచ్చాను.

తాత మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. ఆవిరితో మోగే సైరను ఆయన చేతిలో ఉండేది. దాన్ని అందరూ కూత అనేవాళ్ళు. ఇంటింటా గడియారాలున్న కాలం కాదు. మొదటి కూతకు వీధి లేచేది. రెండో కూతకు గేటు దగ్గర ఉండేది. కూత ఆలస్యమైతే మా వీధిలో పొద్దు కూడా ఆలస్యంగా పొడిచినట్టు ఉండేది.

ఒక ఏడు ప్రభుత్వం మారింది. ఓట్లేసి మార్చింది కాదు, మారిందని రేడియోలో చెప్పారు. సంఘాలు రద్దన్నారు. సంఘం ఆఫీసుకు తాళం పడింది. మిల్లు పనివాళ్ళంతా పొద్దున్నే మైదానంలో నిలబడి, మాకు సంఘం వద్దని చేతులెత్తి ఒప్పుకోవాలన్నారు. కూత వెయ్యగానే రావాలి. ముందు రోజు మేనేజరు స్వయంగా బాయిలరు గదికి వచ్చాడట. "మనమంతా ఒక్క కుటుంబం. రేపు మనమందరం కలిసి మంచి పేరు తెచ్చుకోవాలి" అన్నాడట.

తాత పార గోడకు ఆనించి, "మనం అనకండి సారూ. మీ సంగతి మీరు చెప్పుకోండి. మేము ఏం చేస్తామో మేము చెప్పుకుంటాం" అన్నాడట.

కూతకు ఒక పిడి ఉంటుంది. ఇనుప పిడి, పట్టుకునే చోట కర్ర తొడుగు. అది లాగితేనే ఆవిరి పైకి పోయి కూత వస్తుంది. తాత సాయంత్రం దిగే ముందు ఆ పిడి బోల్టులు విప్పాడు. గోనెగుడ్డలో చుట్టి తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని బియ్యం డబ్బాలో అడుగుకు తోసింది. ఆయన వెనక సందులోంచి వెళ్ళిపోయాడు.

మర్నాడు కూత లేదు. వేదిక మీద పెద్దమనుషులు, ఎదురుగా ఖాళీ మైదానం. పనివాళ్ళు ఇళ్ళలోనే కూర్చున్నారు. పిలవడానికి వచ్చినవాళ్ళతో, "కూత వినపడలేదండీ, వినపడితే రామా?" అన్నారు. నాకప్పుడు పదేళ్ళుంటాయి. మా అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం చూశాను. మా ఇంట్లో ఆడవాళ్ళు అలా నవ్వడం అదే ఆఖరు.

మధ్యాహ్నానికి లాఠీలొచ్చాయి. అందరూ మైదానానికి వెళ్ళారు, అందరూ చేతులెత్తారు. పూట తేడాతో జరగాల్సింది జరిగింది. ఆ ఒక్క పూట కోసం మా తాత మా అందరి బతుకూ ఖర్చు పెట్టాడు.

ఆ వారంలోనే ఆయన్ని లాండ్రీ కొట్టు వెనక గదిలో పట్టుకున్నారు. మమ్మల్ని క్వార్టర్ ఖాళీ చేయించారు. మా నాన్నకు ఏ మిల్లూ పని ఇవ్వలేదు. మేము అమ్మ పుట్టిన పల్లెకు పోయాం. నా చదువు ఆ పల్లె బడిలో అయిదో తరగతితో సరి. అక్కడ కూడా మా సంగతి తెలిసిపోయింది. పిల్లలు నా వెంటపడి, "ఒరే కూతలేనోడా, ఏదీ ఒకసారి కూయరా" అనేవాళ్ళు. పెద్దయ్యాక పట్నానికి తిరిగొచ్చి కుర్చీలు అల్లే పని నేర్చుకున్నా ఆ పేరు వదల్లేదు. మాది కూతలేని ఇల్లు.

తాత జైలు నుంచి వచ్చేసరికి ఒక చెవి పోయింది. దగ్గు ఒకటి వెంట తెచ్చుకున్నాడు. ఆ దగ్గుతోనే పోయాడు. ఉన్న కొద్దికాలం అరుగు మీద కూర్చుని నాకు ఒకటే పాఠం చెప్పేవాడు.

"మనం అన్నవాడు నిన్ను కలుపుకున్నాడు. మేము అన్నవాడు నిన్ను బయట నిలబెట్టాడు. ఎవడు ఏది అంటున్నాడో చెవిపెట్టి విను. నాకున్నది ఒక చెవే, అయినా పట్టుకుంటాను. నీకు రెండున్నాయి కదరా, ఏం చేసుకుంటున్నావు?"

"మరి నిన్ను పట్టించినవాణ్ణి పట్టుకోలేకపోయావే" అని ఒకసారి అన్నాను.

నా వంక అదోలా చూశాడు. మాట్లాడలేదు. దగ్గు వచ్చింది కాబోలు అనుకున్నాను.

ఆయన నాకిచ్చిపోయిన ఆస్తి ఆ పాఠమూ, ఆ పిడీ. నేను వినడం మొదలుపెట్టాను. మా పాత క్వార్టర్ ఎదురింటి దర్జీ మాట విన్నాను. అతని కిటికీలోంచి లాండ్రీ కొట్టు కనపడేది. తాతను తీసుకెళ్ళిన కొద్దిరోజులకే అతనికి కొత్త కుట్టుమిషను వచ్చింది. నేను అతని దగ్గర గుడ్డ కుట్టించుకోలేదు. అతను పోయాడు. అతని కొడుకు దగ్గరా కుట్టించుకోను. లాండ్రీవాడి మాట విన్నాను. నాయనమ్మ తమ్ముడి మాట విన్నాను, ఆయన దినానికి కూడా వెళ్ళలేదు. అనుమానం ఒకసారి పెట్టుకున్నాక తీసెయ్యడం నాకు చేతకాదు.

అనుమానించని మనిషి ఒక్కడే. మా బావ. అంటే మా ఆవిడకు పెద్దన్న.

బావ అప్పట్లో మా తాత కింద బాయిలర్లో బొగ్గు వేసేవాడు. ఇరవై ఏళ్ళవాడు. తాత దాక్కున్నప్పుడు రోజూ అన్నం గిన్నె మోసింది అతనే. తాతను పట్టుకుపోయిన తర్వాత కూత ఉద్యోగం అతనికిచ్చారు. వర్కుషాపులో కొత్త పిడి చేయించుకుని అతనే కూత వేశాడు. దాన్ని నేను తప్పు పట్టలేదు. ఎవడో ఒకడు వెయ్యాలి. పైగా మా ఇంటికి పిల్లనివ్వడానికి ఎవరికీ గుండె చాలని రోజుల్లో, తనే వెతుక్కుంటూ వచ్చి, "మా చెల్లెలు ఉంది, చేసుకుంటావా" అన్నాడు. తాతను పట్టుకునేనాటికి ఆమె ఉయ్యాల్లో పిల్ల. నాకు సంబంధం చెప్పేనాటికి జడ వేసుకుని చదువుకుంటోంది. అన్నం మోసినవాడు, పిల్లనిచ్చినవాడు. అతన్ని అనుమానిస్తే ఇంక మనుషుల్లో తిరగక్కర్లేదు.

మా ఆవిడ మంచి మనిషి. అలా అని చాలామందిని గురించి నేను చెప్పను. ఆమెతో నాకున్న పేచీ ఒకటే. తాత మాట ఎత్తితే చేతిలో పని వదిలేసి లేచేది. "పోయినవాళ్ళను లేపి కూర్చోబెట్టడం దేనికండీ" అనేది. నా బాధ చూడలేక అంటోందనుకునేవాణ్ణి. పిడిని మాత్రం వంటింట్లో పెట్టుకుంది. పాలగిన్నె మూత మీద పిల్లి తొయ్యకుండా బరువుగా పెట్టేది. అప్పుడప్పుడు నూనె గుడ్డతో తుడిచేది.

ఆసుపత్రిలో చివరికి ఆమెకు మాట సరిగా రాలేదు. నా చెయ్యి పట్టుకుని, "మమ్మల్ని తప్పు పట్టకండి" అంది. పుట్టింటివాళ్ళు చూడటానికి ఆలస్యంగా వచ్చారు, వాళ్ళ తరపున అంటోందనుకున్నాను. "సరేలే, పడుకో" అన్నాను. మర్నాడు పోయింది.

ఇక ఈ ఏడాది సంగతి.

మూతపడ్డ మిల్లును మ్యూజియం చేస్తున్నారట. కూత వెయ్యని మనిషికి అందులో ఒక గోడ ఇస్తారట. నా కూతురు ఈ కబురు మోసుకొచ్చింది.

"ఇప్పుడెందుకు?" అన్నాను.

"ఇప్పటికైనా నాన్నా."

"మిల్లు స్థలం ఎవడు కొన్నాడు?"

"నీకన్నీ అనుమానాలే."

"అనుమానం కాదమ్మా. ప్రశ్న."

"వాళ్ళు ముత్తాతకు గౌరవం చేస్తామంటుంటే నువ్వు అలా ముఖం ముడుచుకుని కూర్చోకు. పిడి ఇవ్వమంటారు. కాస్త నవ్వుతూ ఇవ్వు. ముసుగు తీసేది మావయ్య. ఆయన ఒప్పుకున్నాడు."

"గోడ మా తాతది, ముసుగు తీసేది మావయ్యా?"

"ఆయన్ని చూసిన పనివాళ్ళల్లో ఇంకెవరు మిగిలారు? నువ్వు అప్పుడు నిక్కరేసుకుని తిరుగుతున్నావు."



మ్యూజియం అమ్మాయి ఒక మధ్యాహ్నం వచ్చింది. నేను పని చేసుకునే ముందు గదిలోనే కూర్చోబెట్టాను. నేల మీద తడిపిన కేను బద్దలు, సగం అల్లిన కుర్చీ, పట్టుకారు. ఆమె పాదాలు జాగ్రత్తగా పెట్టుకుంటూ స్టూలు మీద ఫోను పెట్టి, "మీరు మాట్లాడుతూ ఉంటే ఇందులో రికార్డవుతుందండీ" అంది.

బావ చేతికర్రతో వచ్చాడు. ఎనభై దాటినా ఇంకా గట్టిగానే ఉన్నాడు.

"ఏం బావా, ఇంకా ఉన్నావా?" అన్నాను.

"నిన్ను సాగనంపి పోదామని" అన్నాడు. కుర్చీలో కూర్చుని అటూ ఇటూ కదిలాడు. "ఇది నువ్వల్లిందేనా? గోతిలో పడ్డట్టుంది."

"నీ బరువు ముందే చెప్పుంటే ఇనప తీగతో అల్లేవాణ్ణి."

అమ్మాయి నవ్వింది. నా కూతురు వంటింట్లోంచి పిడి తెచ్చి స్టూలు మీద పెట్టింది. అమ్మాయి దాన్ని రెండు చేతులా ఎత్తింది. "దీనికి తుప్పే పట్టలేదే!" అంది.

"మా అమ్మ నూనె రాసేది" అంది నా కూతురు.

బావ నేల వైపు చూశాడు. నేను చూశాను, చూసి వదిలేశాను. చెల్లెలు గుర్తొచ్చిందనుకున్నాను.

తర్వాత కథ మొదలుపెట్టాడు. బావ ఈ కథ చెప్పడం నాకు కొత్త కాదు. పెళ్ళిళ్ళలో, చావుల్లో, పండగలకు కలిసినప్పుడు ఎన్నిసార్లు విన్నానో. ఎప్పుడూ ఒక్కలాగే చెప్పేవాడు. పోలీసులు వచ్చారట. తలుపు కొట్టారట. ఆయన వెనక కిటికీలోంచి దూకబోయాడట. తను అన్నం తీసుకెళ్ళేసరికే అంతా అయిపోయిందట. అన్నీ అటలే. చూడనివాడు చెప్పినట్టే చెప్పేవాడు.

ఆ రోజు ఆ అమ్మాయి కళ్ళింత చేసుకుని వింటోంది. మధ్యమధ్యలో "అయ్యో" అంటోంది. అలా వినేవాళ్ళు దొరికితే ముసలివాళ్ళకు ఒళ్ళు తెలియదు. బావ కర్ర మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని చెబుతున్నాడు.

"ఆ గదికి రేకు తలుపమ్మా. గొళ్ళెం సరిగా పడేది కాదు. మేం తలుపు కొడితే ఆయనే తీశాడు. ఒంటి మీద ఎవరో ఉతకడానికిచ్చిన చొక్కా. పొట్టిది, చేతులు మోచేతుల దాకే వచ్చాయి. పారిపోలేదు. ఎక్కడికీ పారిపోలేదు. అలాగే నిలబడ్డాడు. అప్పుడు వాళ్ళు ఆయన్ని..."

నా చేతిలో కేను జారింది.

"ఆపు బావా" అన్నాను. "అమ్మాయ్, అది ఒకసారి వినిపించు."

"ఏదండీ?"

"ఇప్పుడు చెప్పింది. తలుపు దగ్గర నుంచి."

ఆమె వేలితో ఏదో నొక్కింది. బావ గొంతు ఫోనులోంచి సన్నగా వచ్చింది. మేం తలుపు కొడితే ఆయనే తీశాడు. అట లేదు. వాళ్ళు కాదు. మేం.

"మళ్ళీ."

మళ్ళీ వినిపించింది. బావ కళ్ళు తెరిచాడు. తన గొంతు తనే విన్నాడు.

"మేం అంటే ఎవరండీ? సంఘం వాళ్ళా?" అంది అమ్మాయి. పాపం, ఆమెకేం తెలుసు.

బావ నీళ్ళు నమిలాడు. "అంటే... మనవాళ్ళేనమ్మా. అన్నం తీసుకెళ్ళేవాళ్ళం కదా. ఆ మాటా ఈ మాటా కలిసిపోయినట్టున్నాయి. వయసు."

"అన్నం తీసుకెళ్ళింది నువ్వొక్కడివే" అన్నాను. "ఒక్కడు మేం ఎలా అవుతాడు బావా?"

 నా కూతురు నన్నూ మావయ్యనూ మార్చి మార్చి చూసింది.

"అమ్మాయ్, ఆ ఫోను ఆపేసి బయటికి వెళ్ళు. నువ్వు కూడా వెళ్ళమ్మా" అన్నాను. "తలుపు వేసి వెళ్ళండి."

వెళ్ళారు. గదిలో మేమిద్దరమే. బావ చేతికర్ర పిడి మీద బొటనవేలు రాస్తూ కూర్చున్నాడు. 

"ఇరవై ఏళ్ళవాణ్ణి" అన్నాడు చివరికి. "మిల్లు గోడౌనులో పెట్టి కొట్టారు బావా."

"మా తాతనూ కొట్టారు."

"అమ్మ ఒక్కతే ఇంట్లో. పసిపిల్ల..."

"మా ఇంట్లోనూ పిల్లలున్నారు."

"నేను చెప్పకపోతే ఇంకెవడో చెప్పేవాడు."

"చెప్పనీ. వాడి చెల్లెల్ని నేను చేసుకునేవాణ్ణి కాదు."

ఆ మాటకు తల ఎత్తాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. నన్ను ఏమీ చెయ్యలేదు ఆ నీళ్ళు.

"తలుపు తీసి నన్ను చూశాడు" అన్నాడు. "చేతిలో అన్నం గిన్నె లేదు. అది చూశాడు. నా వెనక ఉన్నవాళ్ళను చూశాడు. తిడతాడనుకున్నాను. ఉమ్ముతాడనుకున్నాను. 'నువ్వు తిన్నావురా?' అన్నాడు. అంతే. మళ్ళీ నాతో మాట్లాడలేదు."

అంటే తాతకు తెలుసు. అరుగు మీద కూర్చుని నాకు మేము, మనం నేర్పుతూ, ఆ ఒక్క పేరు మింగేశాడు. నేను అడిగిన రోజున దగ్గు అడ్డం రాలేదు. ఆయనే చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆయనకే తెలియాలి. జాలిపడి ఉంటాడు. జాలి ఆయన సొంత సరుకు. మేము దర్జీనీ, లాండ్రీవాణ్ణీ, నాయనమ్మ తమ్ముణ్ణీ నమలుతూ బతికింది కూడా ఆ జాలి పుణ్యమే.

"ఆయన జైలు నుంచి వచ్చాక ఒకసారి మీ పల్లెకు వచ్చాను" అంటున్నాడు బావ. "ఊరి మొదట్లోనే ఆగి తిరిగిపోయాను. ముఖం చెల్లలేదు. ఆ తర్వాత మీ ఇంటికి పిల్లనెవరూ ఇవ్వట్లేదని తెలిసింది. నాకు ఇంకో దారి కనిపించలేదు. అందుకే కదా చెల్లెల్ని నీకు..."

అక్కడ ఆగాడు. ఆగినా ఒకటే, ఆగకపోయినా ఒకటే.

నాకు పెళ్ళి జరిగిందనుకున్నాను ఇన్నేళ్ళూ. జరిగింది పరిహారం. జడ వేసుకుని చదువుకునే పిల్లను తీసుకొచ్చి అతను తన తప్పు మీద మూతలా పెట్టాడు. ఆమెకు ఆ సంగతి తెలుసా? తెలిసే వచ్చిందా? వచ్చాక తెలిసిందా? అసలు తెలియదా? నేను తాత పేరెత్తినప్పుడల్లా ఎందుకు లేచిపోయేది? ఆ ఇనప ముక్కను ఎందుకు తుడిచేది? నూనె గుడ్డతో ఆమె తుడుస్తున్నది తుప్పేనా? మమ్మల్ని తప్పు పట్టకండి అంది. 'నన్ను' అనలేదు. పోయే మనిషి 'నన్ను' అనాలి. 'మమ్మల్ని' అంది. నేను బయట, వాళ్ళిద్దరూ లోపల. రెండు చెవులూ పెట్టుకుని ఆ రోజు నేను విన్నదేమిటి? సరేలే, పడుకో అన్నాను.

బావ నా ముఖంలోకి చూస్తున్నాడు. ఏం చూశాడో, కర్ర మీద బరువు వేసి కొంచెం ముందుకు వంగాడు.

"నీకిప్పుడు నా మీద కోపం కాదు" అన్నాడు. "దానికి తెలుసా లేదా అని కదూ? చెబుతాను. అది చెప్పి వెళ్తాను, ఆ తర్వాత నువ్వు నా ముఖం చూడకపోయినా సరే. విను బావా..."

"వద్దు" అన్నాను.

"ఒక్క మాట."

"తెలుసని చెబితే నా సంసారం అబద్ధం. తెలియదని చెబితే, చెప్పేది నువ్వు. నీ మాట నేను నమ్మాలా? లే."

"బావా..."

"నన్ను ఆ పిలుపు పిలవకు. లే."

లేచాడు. కుర్చీలోంచి లేవడం అతనికి కష్టమైంది. నేను చెయ్యి ఇవ్వలేదు. తలుపు దగ్గర ఒకసారి నిలబడ్డాడు. నేను కేను చేతిలోకి తీసుకుని అల్లడం మొదలుపెట్టాను. తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

మ్యూజియం అమ్మాయి పిడి కోసం లోపలికి వచ్చింది. ఇవ్వనన్నాను. తెల్లమొహం వేసింది. గోడ మీద మా తాత పేరు పెట్టొద్దన్నాను. అది మా చేతిలో లేదండీ అంది. అయితే నన్నెందుకు అడగడం అన్నాను. వెళ్ళిపోయింది.

సాయంత్రం నా కూతురు నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మావయ్య ఏడుస్తూ వెళ్ళాడు. ఏమన్నావు నాన్నా?"

"ఏమీ అనలేదు."

"మేం అంటే ఏమైంది? ఒక్క మాటకు ఇంత రాద్ధాంతమా?"

దానికి తెలియదు. దాని చిన్నప్పుడు ఆ పాఠం నేను చెప్పబోతే వాళ్ళమ్మ పడనివ్వలేదు. "పిల్లకు ఇవన్నీ ఎందుకండీ" అంది. ఇప్పుడు ఆ మాట కూడా నాకు తిన్నగా వినపడటం లేదు.

"అన్నం పెట్టు" అన్నాను.

గోడ తెరిచారని విన్నాను. నేను వెళ్ళలేదు. ముసుగు ఎవరు తీశారో అడగలేదు. తర్వాత కొన్నాళ్ళకు బావ ఇంటి నుంచి కబురొచ్చింది, చూడాలంటున్నాడని. వెళ్ళలేదు. మళ్ళీ కబురొచ్చింది, ఇక రానక్కర్లేదని. అప్పుడూ వెళ్ళలేదు. చెప్పాలనుకున్నది అతనితోనే పోయింది. పోనీ.

పిడి పాలగిన్నె మూత మీదే ఉంది. ఇప్పుడు దాన్ని తుడిచేవాళ్ళు లేరు. బోల్టులు పట్టే చోట ఎర్రగా తుప్పు మొదలైంది. పట్టనీ.

ఇది ఒక్కసారి రాశాను. నా కూతురు చదివితే చదవనీ. కానీ వచ్చి నన్ను ఏమీ అడగొద్దు. కుర్చీ గురించి అడిగితే చెబుతాను, కేను గురించి అడిగితే చెబుతాను. మా తాత గురించి గానీ, వాళ్ళమ్మ గురించి గానీ ఇంక నా నోట ఒక్క మాట రాదు. ఎవరు అడిగినా ఇంతే.